చీకటిలోనే ముగిసే కీర్తన

నిరాశలో కూరుకుపోయిన విశ్వాసికి చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే మొదటి సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: "దేవుడు నీతోనే ఉన్నాడు, నమ్ము." మాట నిజమే. అయితే ఆ మనిషి బాధంతా ఆయన ఉన్నట్టు అనిపించకపోవడమే కదా. ప్రార్థిస్తే గోడకు చెప్పుకున్నట్టుంటుంది. వాక్యం చదివితే కళ్లు వరసలు దాటుతాయి, లోపలికి ఒక్క ముక్కా దిగదు. అలాంటివాడికి "నమ్ము" అంటే "నీ విశ్వాసం చాల్లేదు" అనే వినబడుతుంది. ఉన్న దుఃఖం చాలదన్నట్టు పైన అపరాధభావం ఒకటి.

దేవుని సన్నిధిని నమ్మడానికి సన్నిధి అనుభూతి అక్కర్లేదు. ఆయన వింటున్నాడన్న లెక్కన ఆయనతో మాట్లాడటం మానకుండా ఉంటే అదే నమ్మకం. మనసు మొద్దుబారి ఉన్నప్పుడు కూడా చేయగలిగిన పని అది. దానికో పద్ధతుంది, ఆ పద్ధతి బైబిల్లోనే ఉంది. స్తుతి ఆరాధనలకు ఇచ్చినంత చోటు మన కూడికల్లో దానికి ఇవ్వకపోవడం వల్ల చాలామందికి అది ఉందనే తెలియదు.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే సుమారు మూడో వంతు విలాపాలు. వాటిలో ఎక్కువ భాగం ఫిర్యాదుతో మొదలై నమ్మకంతో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం అలా ముగియదు. ఎజ్రాహీయుడైన హేమాను పేరున ఉన్న ఈ కీర్తనలో 18 వచనాలున్నాయి. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." ఆ తర్వాత "అయినను" లేదు, స్తుతి లేదు, జవాబు లేదు. కూర్పరులు దాన్ని తీసేయలేదు, చివర ఆశాజనకమైన వచనం ఒకటి అతికించనూ లేదు. దేవుని ప్రజలు పాడుకునే పుస్తకంలో అలాగే ఉంచారు.

ఆ కీర్తనలో ఇంకో సంగతి ఉంది. హేమాను మొదటి వచనంలో రాత్రీ పగలూ మొరపెడుతున్నానంటాడు. తొమ్మిదో వచనంలో ప్రతిదినం, పదమూడో వచనంలో ఉదయాన. అంటే ఊరట ఏమీ దొరకని మనిషి రోజుకు ఒకటికి రెండుసార్లు అదే గుమ్మం దగ్గరికి వస్తున్నాడు. పైగా దేవుణ్ణి పట్టుకుని "నువ్వే నన్ను ఈ గుంటలో వేశావు" అంటున్నాడు. ఇంత తీవ్రంగా నిందించేవాడిని అవిశ్వాసి అనడం తేలిక. కానీ అవిశ్వాసి ఎవరిని నిందిస్తాడు? ఎదుట ఎవరో ఉన్నారనుకుంటేనే నింద.

మన పోతన గజేంద్రుడి నోట పలికించినదీ ఇదే తెగింపు. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, అంటూ వచ్చి "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని సందేహం వెలిబుచ్చుతాడు. ఆ సందేహంతోనే పిలుస్తాడు కూడా. సంప్రదాయం వేరైనా తెలుగువాళ్లు శతాబ్దాలుగా కంఠస్థం చేసిన పద్యంలో ప్రార్థన, అనుమానం ఒకే నోట ఉన్నాయన్నది గమనించదగ్గ విషయం.

ఇక చేయవలసిన పని. మొదటిది ప్రార్థన కాదంటే కొందరికి నచ్చకపోవచ్చు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి, అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణమంత దూరం ఒంటరిగా పోయి, బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును" అని చావు కోరుకుంటాడు. అంతకుముందు అధ్యాయంలోనే అతని ప్రార్థనకు జవాబుగా కర్మెలు కొండమీద అగ్ని దిగింది. పెద్ద విజయం వెనకే పెద్ద కుంగుబాటు రావడం అరుదేమీ కాదు. ఒళ్లూ మనసూ ఖర్చయిపోయాక మిగిలేది అదే. దేవుడు అతనికి ఉపదేశం చెప్పలేదు, విశ్వాసం లేదని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించిందని చెప్పి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ చేరడానికి 40 రాత్రింబగళ్లు పట్టింది. మాటలు ఆ తర్వాతే.

కాబట్టి "దేవుడు నన్ను విడిచిపెట్టాడు" అన్న తీర్పుకు రాకముందు శరీరాన్ని విచారించాలి. గత మూడు రాత్రులు ఎన్ని గంటలు నిద్రపోయావు? వేళకు తిన్నావా? చివరిసారి ఎవరితో ముఖాముఖి మాట్లాడావు? ఏలీయా ఈ మూడింటిలోనూ దెబ్బతిని ఉన్నాడు: అలసట, ఆకలి, ఒంటరితనం. నాలుగు రాత్రులు నిద్రలేనివాడు రాత్రి రెండు గంటలకు చేసే దైవశాస్త్రం నమ్మదగింది కాదు. ఆ వేళ వచ్చిన ప్రశ్నను కాగితంమీద రాసి, పొద్దున భోంచేశాక మళ్లీ చదువుకుంటే మంచిది. ప్రశ్న అలాగే ఉండొచ్చు, కానీ దాని బరువు మారుతుంది.

హోరేబులో గాలి, భూకంపం, అగ్ని, ఆ పిమ్మట మెల్లని స్వరం. ప్రసంగాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. నిజానికి ఆ స్వరానికి ముందు దేవుడు "నీవిచ్చట ఏమి చేయుచున్నావు?" అని అడిగినప్పుడు ఏలీయా ఏ జవాబు చెప్పాడో, స్వరం విన్న తర్వాతా అదే జవాబు అప్పజెప్పాడు. నేను ఒక్కడినే మిగిలాను, నన్నూ చంపాలని చూస్తున్నారు అని. సన్నిధి ఎదుట నిలబడ్డా మనసు మారలేదు! దేవుడు దానికి నొచ్చుకోలేదు. అభిషేకించాల్సిన ముగ్గురి పేర్లు చెప్పి పని అప్పగించాడు, నువ్వొక్కడివే కాదు, 7,000 మంది ఉన్నారని లెక్క చెప్పాడు. అనుభూతి మారేవరకు కాచుకుని కూర్చోవద్దని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటాను.

ఇప్పుడు విలాప ప్రార్థన. నేర్చుకోవడానికి 13వ కీర్తన చాలు, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో ఫిర్యాదు: "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంటూ ఎంతకాలం, ఎంతకాలం అని నాలుగుసార్లు. మూడు, నాలుగు వచనాల్లో విన్నపం: నన్ను చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు, లేకపోతే చచ్చిపోతాను. ఐదు, ఆరు వచనాల్లో నమ్మకం: "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను." వీటన్నిటికీ ముందు పిలుపు, "యెహోవా" అని. నాలుగు భాగాలు: పిలుపు, ఫిర్యాదు, విన్నపం, నమ్మకం.

చేసే విధానం ఇది. పదిహేను నిమిషాలు కేటాయించండి, అంతకు మించొద్దు. కుంగి ఉన్నప్పుడు గంట కూర్చుంటానని మొక్కుకుని, కూర్చోలేక, దానికి మళ్లీ తనను తాను తిట్టుకునేవాళ్లు చాలామంది. కాగితం, కలం తీసుకోండి. కీర్తనను నెమ్మదిగా, పైకి వినబడేలా రెండుసార్లు చదవండి. పైకే ఎందుకంటే లోలోపల చదివితే మన బుర్రలో ముందే తిరుగుతున్న మాటలు కీర్తనను మింగేస్తాయి. తర్వాత మీ మాటల్లో ఫిర్యాదు రాయండి. "అంతా చీకటిగా ఉంది" లాంటి మాటలతో సరిపెట్టుకోవద్దు. ఏమిటి జరిగింది, ఎప్పుడు, ఎవరివల్ల, ఆయన ఏం చేసి ఉండాల్సింది అని మీరనుకుంటున్నారు. ఐదారు వాక్యాలు. ప్రతి వాక్యంలో దేవుణ్ణి "నువ్వు" అనో "మీరు" అనో సూటిగా సంబోధించాలి.

ఈ సంబోధన దగ్గరే చాలా ప్రార్థనలు తప్పుదారి పడతాయి. "దేవుడు నన్ను పట్టించుకోవడంలేదు" అన్నది దేవుణ్ణిగురించి మనలో మనం అనుకునే మాట. అది గుండ్రంగా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది, తిరిగిన కొద్దీ లోతుగా దిగుతుంది. "నువ్వు నన్ను పట్టించుకోవడంలేదు" అన్నది ఆయనకు చెప్పే మాట. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తమ గుడారాల్లో సణిగినదానికీ కీర్తనకారుడి మొరకూ తేడా ఎక్కువగా ఇక్కడే. రాసింది చదువుకున్నప్పుడు "ఆయన" అన్నచోటల్లా "నువ్వు" అని దిద్దండి. చిన్న దిద్దుబాటే, కానీ కొందరికి ఏడుపు వచ్చేది అప్పుడే.

విన్నపం ఒక్కటే ఉండాలి, ఈ రోజుకు సరిపడేది. "నా జీవితాన్ని బాగుచెయ్యి" అని అడిగితే జవాబు వచ్చిందో లేదో సాయంత్రానికి తెలియదు. "ఈ రాత్రి నిద్రపట్టనివ్వు", "రేపు ఆ ఫోన్ చేయడానికి ధైర్యమివ్వు" అని అడగొచ్చు. తేదీ వేసుకోండి.

నాలుగో భాగం చిక్కు. రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, ఫిర్యాదు పూర్తికాకముందే భయపడి "అయినా నీకే స్తోత్రం" అని ముగించేయడం. లోపల కోపం అలాగే ఉంటుంది, పైన స్తోత్రం మూతలా ఉంటుంది. కొంతకాలానికి ప్రార్థన అంటేనే అబద్ధంలా తోస్తుంది. రెండోది, నమ్మకం మాట నోట రాకపోతే ప్రార్థన చెల్లలేదనుకోవడం. చెల్లుతుంది. 88వ కీర్తన ఉన్నది అందుకే. ఆ రోజుకు మీ దగ్గర ఆ మాట లేకపోతే అక్కడితో ఆపి, "రేపు మళ్లీ వస్తాను" అని చెప్పి లేవండి. లేదా మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి అన్న మాట అరువు తెచ్చుకోండి: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ మాట విన్నాకే యేసు అతని కొడుకును బాగుచేశాడు, ముందు అపనమ్మకం తీర్చుకుని రమ్మనలేదు.

ఒకసారి నమ్మకం పలికాక మళ్లీ చీకటి కమ్మితే ముందు చేసింది వృథా అనుకోనక్కర్లేదు. యిర్మీయా 20వ అధ్యాయం తీయండి. 13వ వచనంలో ఆ ప్రవక్త యెహోవాను స్తుతించండి, దరిద్రుని ప్రాణాన్ని ఆయన విడిపించాడు అంటాడు. 14వ వచనంలో నేను పుట్టిన దినం శపింపబడును గాక అంటాడు. మధ్యలో ఏ వివరణా లేదు. నిరాశ మెట్లెక్కినట్టు వరసగా పోదు.

రాయడానికీ ఓపిక లేని రోజులుంటాయి. అలాంటప్పుడు కీర్తన ఒక్కటి చదివి ఊరుకోండి, అదీ వల్లకాకపోతే మూలగండి. ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో ఆత్మ మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతోంది. మాటలు లేని ప్రార్థనకూ లెక్కుందన్నమాట.

నిరాశలో చేయకూడనిది ఒకటి ముఖ్యంగా చెప్పాలి. యేసు సభ (జెస్యూట్లు) అనే కతోలిక సన్యాస సమాజ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో రాసిన ఆధ్యాత్మిక సాధనల్లో, శూన్యత కమ్మినప్పుడు ఏ మార్పూ చేయవద్దని, అంతకుముందు ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయంమీదే నిలబడమని నియమం పెట్టాడు. ఇది బంగారం లాంటి నియమం. సంఘం వదిలేయడం, పెళ్లి తెంచుకోవడం, ఉద్యోగానికి రాజీనామా, "ఇక ప్రార్థించను" అన్న ఒట్టు, వీటిలో ఏదైనా కుంగుబాటులో పుట్టినదైతే పక్కన పెట్టాలి. అయితే ఈ నియమాన్ని హింస భరించేవాళ్లకు అంటగట్టకూడదు. కొట్టే చేతి కిందనుంచి బయటపడటానికి మనసు తేటపడేదాకా ఆగాల్సిన పనిలేదు. ఇగ్నేషియస్ మరోచోట, ప్రార్థన రుచించనప్పుడు పెట్టుకున్న గంటకు ఇంకాస్త కలిపి కూర్చోమంటాడు. సోమరితనంతో పోరాడేవాడికి అది మందే. ఒళ్లు హూనమైనవాడికి మాత్రం ఏలీయా రొట్టె ముందు.

నమ్మే శక్తి పూర్తిగా పోతే? అప్పుడు నమ్మకాన్ని ఒక్కడే మోయాలన్న నియమం ఎక్కడా లేదు. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువుగలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించారు. యేసు వారి విశ్వాసం చూశాడని రాసి ఉంది. మంచంమీద ఉన్నవాడు ఒక్క మాటా మాట్లాడలేదు. కనుక ఒకరిద్దరికి నేరుగా చెప్పండి: "నేను ప్రార్థించలేకపోతున్నాను, కొన్నాళ్లు నా బదులు నువ్వు చెయ్యి. నాకు సలహాలు వద్దు." ఈ చివరి వాక్యం తప్పకుండా చేర్చండి.

పక్కన నిలబడేవాళ్లకు, పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులే పాఠం. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక కారణాలు వెదికారు: నీ పాపమై ఉంటుంది, నీ పిల్లల పాపమై ఉంటుంది. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్లమీద. తనను అన్ని మాటలన్న యోబే తన గురించి యుక్తమైనది పలికాడన్నాడు. కాబట్టి వెళ్లినప్పుడు కారణం చెప్పకండి, ఇంకొకరి కష్టంతో పోల్చకండి, "దేవుని చిత్తం" అన్న మాట మీ నోట మొదట రానివ్వకండి. వంటో, బట్టలో, పిల్లల్ని బడికి దింపడమో, ఏదో ఒక పని అందుకోండి. వెళ్తూ మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి, ఆ వేళకు రండి. చెప్పి రాకపోవడం కంటే చెప్పకపోవడం మేలు.

వైద్యం సంగతి దాటవేయకూడదు. దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా రోజూ ఉండి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత కూడా చెడితే వైద్యుణ్ణి కలవాలి. డిప్రెషన్ జబ్బు. థైరాయిడ్ లోపం లాంటివి కూడా అలాగే కనబడతాయి కాబట్టి పరీక్షలు అవసరం. మందు వేసుకోవడం అపనమ్మకం అనేవాళ్లు తమ కళ్లజోడు తీసి మాట్లాడితే బాగుంటుంది. చావాలన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే ఒక మనిషికి చెప్పండి, మీ ప్రాంతంలోని సహాయవాణికో ఆసుపత్రికో చేరండి. పక్కన ఉన్నవాళ్లకు అనుమానం వస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు.

ఇంత చెప్పాక ఒక గట్టి అభ్యంతరం మిగులుతుంది. మౌనంగా ఉన్న దేవుడికీ అసలు లేని దేవుడికీ నిరాశలో ఉన్నవాడి వైపునుంచి తేడా ఏమిటి? నిజాయితీగా చెప్పాలంటే, అనుభూతి స్థాయిలో ఏ తేడా లేదు. మదర్ తెరెసా చనిపోయి పదేళ్లయ్యాక, 2007లో వెలువడిన ఆమె ఉత్తరాలు చదివితే దశాబ్దాలపాటు ఆమెకు ఆ తేడా తెలియలేదని అర్థమవుతుంది. ఆమె పని మాత్రం ఆగలేదు. అందుకే అనుభూతిని సాక్షిగా పిలవొద్దంటున్నాను, ఉన్నాడనడానికైనా, లేడనడానికైనా.

క్రైస్తవుడు ఆనుకునే చోటు వేరే ఉంది. సిలువమీద యేసు పలికింది 22వ కీర్తన మొదటి మాట, చెయ్యి విడిచావెందుకని. చుట్టూ ఉన్నవాళ్లు "దేవుణ్ణి నమ్ముకున్నాడుగా, ఇష్టమైతే ఇప్పుడు తప్పించమనండి" అని ఎగతాళి చేశారు. ఆ శుక్రవారం సాయంత్రం కంటికి కనబడినదాన్నిబట్టి ఎవరు తీర్పు చెప్పినా, దేవుడు అక్కడ లేడనే చెప్పేవారు. ఆదివారం జరిగింది నిజమైతే ఆ తీర్పు తప్పు. నిజం కాకపోతే నా వాదన మొత్తం కూలిపోతుంది. పౌలే కొరింథీయులకు ఆ సంగతి దాపరికం లేకుండా రాశాడు, క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని. నిరాశలో ఉన్నవాడు తేల్చుకోవాల్సింది ఆ ప్రశ్న, అదీ ఒళ్లు కుదుటపడ్డాక, తీరిగ్గా. తన గుండెలో ఈ రోజు వెచ్చగా ఉందా చల్లగా ఉందా అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు.

చివరిగా, ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పుడు బాగానే ఉన్నవాళ్ల కోసం. ఊరట ఉన్నప్పుడే రాబోయే శూన్యత కోసం బలం కూడబెట్టుకోమని ఇగ్నేషియస్ నియమాల్లో ఇంకొకటి ఉంది. ఒక కాగితంమీద ఇవి రాసి బైబిల్లో 13వ కీర్తన దగ్గర పెట్టండి: ఫోన్ చేయగల ఇద్దరి పేర్లు, నంబర్లు, మీ వైద్యుడి నంబరు, కిందటిసారి కుంగినప్పుడు మీరు నమ్మిన అబద్ధం ఏమిటో ఒక వాక్యం, అప్పుడు నిజంగా ఉపకరించినది ఏమిటో ఇంకో వాక్యం, 13, 42, 88 అని మూడు కీర్తనల అంకెలు. ఆ ఇద్దరికీ కాగితం సంగతి ముందే చెప్పండి. మీరు తీయలేని రోజున వాళ్లు తీయాలి.